జోడీ కూలి

గెలలు దించే ర్యాంపు మీద పనిచేసిన ఆడవాళ్ళకు ఆ నూనె మిల్లు ఏనాడూ కూలి ఇవ్వలేదు. ఇందులో వాదానికేమీ లేదు. మిల్లూ కాదనదు, మొగుళ్ళూ కాదనరు.

మిల్లు మూసి నెల దాటినా రిబ్కా వేళ్ళలోంచి ముళ్ళు వస్తూనే ఉన్నాయి. పొద్దున అంట్లు తోముతుంటే బొటనవేలు చురుక్కుమంది. బూడిద చేయి కడుక్కుని, గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి, వేలిని వెలుతురుకు పెట్టి కెలికింది. పామాయిలు గెల ముల్లు నల్లగా, సన్నగా ఉంటుంది. లోపల ఉన్నన్నాళ్ళు ఉండి, దానికి బుద్ధి పుట్టినప్పుడు బయటికొస్తుంది. "ఇంకెన్ని దాచుకున్నవే" అంది వేలితోనే. అరుగు మీద బీడీ కాలుస్తున్న మామ యోనా అటు చూసి, తల తిప్పుకున్నాడు.

తొమ్మిదేళ్ళ పని అది. ట్రాక్టర్లు తెచ్చి పోసిన గెలలను ఆమె మొగుడు జస్టిన్ ఇనప కొక్కెంతో లాగి మిల్లు బండిలోకి ఎక్కించేవాడు. ఆమె వెనక నుంచి నెట్టేది, జారిన గెలను పట్టేది, రాలిన పండ్లను తట్టకెత్తి అదే బండిలో పోసేది. రాలిన పండులోనే నూనె ఎక్కువని మేస్త్రీ వెంకటప్పయ్య రోజూ అరిచేవాడు. పండ్లు మట్టిలో మిగిలితే కూలిలో కోత. ర్యాంపు పనికి ఒంటరి మగవాణ్ణి తీసుకోరు. "జోడీ ఉందా?" అన్నది మేస్త్రీ మొదటి ప్రశ్న. పెళ్ళాం ఉంటేనే పని. కూలి టన్ను లెక్కన మగవాడి చేతికి, మగవాడి పేరున. ఈఎస్ఐ బీమా కార్డూ అతనిదే. ఎవరైనా అడిగితే, ఆడది మొగుడికి అన్నం తెచ్చిందనేవారు. పొద్దున ఆరింటికి తెచ్చిన అన్నం సాయంత్రం దాకా తెస్తూనే ఉండేది.

అత్త మహిమ కూడా అలాగే తెచ్చింది. యోనాకు జోడీ ఆవిడే. నాలుగేళ్ళ కిందట ఒక వానాకాలం గెలల కుప్ప జారి ఆవిడ మీద పడింది. అన్నం తీసుకొచ్చి కాలు జారిందని యోనా పోలీసులకు చెప్పాడు, పాస్టరుకు చెప్పాడు, సమాధి దగ్గర అందరికీ చెప్పాడు. ఆ తర్వాత మిల్లుకు పోలేదు. ఎవరితోనూ మంచిగా మాట్లాడిందీ లేదు. పెళ్ళాం పోయిన మగవాడని ఊరు జాలిపడింది. పోయిన పెళ్ళాం మీద జాలిపడడానికి ఊరికి తీరిక లేకపోయింది.

ఆ సాయంత్రం వెంకటప్పయ్య మోటారు సైకిలు మీద కబురు తెచ్చాడు. మిల్లు మూతపడి పని పోయిన బీమా కార్మికులకు సర్కారు భత్యం ఇస్తుందట. జస్టిన్, పక్క తండా గోపాలు, గోపాలు పెళ్ళాం చాంది అతని చుట్టూ చేరారు. రిబ్కా పొయ్యి దగ్గర నుంచి వింటోంది.

"ఆర్నెల్ల జీతమంతా కూడతరు," అన్నాడు వెంకటప్పయ్య, నేల మీద పుల్లతో గీస్తూ. "ఎన్ని రోజులు పనిచేస్తే అన్ని రోజులతోని భాగిస్తరు. అది రోజు సగటు. అండ్ల సగం మీకు. అయిదేండ్లు కార్డు నడిచినోడికే. ఆర్నెల్ల దాక ఇస్తరు."

"ఆదివారానికి గూడనా?" అన్నాడు జస్టిన్.

"అవ్. నువ్వు చర్చిల కునుకు తీసినా ఇస్తరు."

అందరూ నవ్వారు. "సగమేనా?" అని గొణిగాడు గోపాలు.

"కూసుండబెట్టి ఇస్తుంటే సగం చేదైందారా?"

నవ్వనిది రిబ్కా ఒక్కతే. అన్నం గంజి వారుస్తూ ఆ సగం గురించి ఆలోచించింది. టన్నుల కూలి ఇద్దరిది. మిల్లు దాన్ని ఒక్కడిదని రాసింది. ఇప్పుడు సర్కారు ఆ ఒక్కడి కూలి తీసుకుని సగానికి కోసి, కోసింది తన దగ్గరే ఉంచుకుని, మిగిలింది జస్టిన్‌కిస్తుంది. జస్టిన్ రెండు చేతులు ఎత్తిన గెలల కూలి ఎంతో, ఇప్పుడు చేతులు కట్టుకుని కూర్చుంటే వచ్చేదీ అంతే. అతనికి దమ్మిడీ తగ్గలేదు. మరి కోసేసిన సగం ఎవరిది? గంజి చేతి మీద ఒలికింది. కాలలేదు. ఆ చేతికి కాలడం ఎప్పుడో పోయింది. ఈ సంగతి చెబితే జస్టిన్ ఏమంటాడో ఆమెకు ముందే తెలుసు. పెళ్ళయిన కొత్తలోనే అన్నాడు: "నాది నీది అని యాడుందే? ఇల్లు ఒకటేనాయె." ఇల్లు ఒకటే. సబ్బు అడిగితే మాత్రం నా పైసలంటాడు. వాళ్ళ కూతురు స్తుతికి స్కూలు చెప్పులు కొనమంటే నా రెక్కలంటాడు. ఇల్లు ఒకటన్నది గెలలు ఎత్తేటప్పుడు, నాదన్నది పైసలు తీసేటప్పుడు.

కాగితాలు ఖమ్మం బీమా ఆఫీసుకు పోయాయి. అక్కడ చిక్కు పడింది. బాయిలరు దగ్గర పనిచేసే చదువుకున్న పిల్లవాడి రోజు సగటు కంటే ర్యాంపు కూలీల సగటు ఎక్కువుంది. ఒక మనిషి రోజుకు అన్ని టన్నులు ఎలా ఎత్తుతాడని ఆఫీసు అడిగింది. ఇంటింటికీ వచ్చి విచారిస్తారని వెంకటప్పయ్య చెప్పాడు.

"గెలలకు కాళ్ళు మొలిచి అవే బండెక్కినయని రాసుకోమను," అంది చాంది.

"నవ్వులాట గాదు," అన్నాడు వెంకటప్పయ్య. "ఆడోళ్ళు చేసిన్రని తెలిస్తే సగటు సగమైతది. ఆ సగంల సగం మీ చేతికొస్తది. దొంగ లెక్కని మొత్తమే ఆపినా ఆపుతరు. మంచిగ చెప్పుకోన్రి పెండ్లాలకు."

జస్టిన్ ఆ రాత్రి మంచిగానే చెప్పాడు. అంత మెత్తగా అతను మాట్లాడి చాలా ఏళ్ళయింది. "ఏమే, సార్ అడిగితే ఇంట్లనే ఉంటనని చెప్పు. ఏం పోతది నీది? బియ్యం ఎట్లొస్తయో నీకెరుకనే గద. చేతులు మాత్రం కొంగుల పెట్టుకో. ఆ మరకలు ఇడువయి." ఏం పోతది నీది అన్న మాట దగ్గర ఆమె చెవి ఆగిపోయింది. మిగతాది వినలేదు.

వచ్చిన ఆఫీసరు పేరు రామ్‌చందర్. వరంగల్ వైపు మనిషి, నెమ్మదస్థుడు. నులక మంచం మీద కూర్చుని అందరినీ పలకరించి, ఆమె వైపు తిరిగాడు.

"మీరేం చేస్తారమ్మా?"

జస్టిన్ నేల చూస్తున్నాడు. జవాబు యోనా ఇచ్చాడు. "మా ఇంట్ల ఆడోళ్ళు పనికి పోరు సార్. నా పెండ్లాం గూడ పోలె. అది మా ఇంటి పద్ధతి."

"నేను ఆమెను అడుగుతున్నాను పెద్దాయనా." ఆయన మళ్ళీ ఆమెనే చూశాడు. "పనిచేసి ఉంటే చెప్పండమ్మా. మీకు కార్డు ఇవ్వకపోవడం మిల్లు తప్పు, మీ తప్పు కాదు. మీ పేరున కూడా లెక్క కట్టమని రాస్తాను. ఆలస్యం కావచ్చు, కానీ రాస్తాను."

తొమ్మిదేళ్ళలో మీ పేరు అన్న మాట ఆమెతో అన్న మొదటి మనిషి ఆయన. నిజం చెప్పేయాలనిపించింది. ఈ మనిషి వెళ్ళిపోతాడు, ఇంట్లో ఉండేది వీళ్ళు. ఆలస్యం అన్నాడు, ఎంత ఆలస్యమో చెప్పలేదు. బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది. గోపాలు డబ్బులు కూడా ఆగుతాయి, చాంది వచ్చి ఏం పని చేసినవే అక్కా అంటుంది. అన్నిటికంటే ఎక్కువగా, అలసిపోయింది. నిజం చెప్పి దాని మీద నిలబడడానికి కూడా ఒంట్లో ఇంత సత్తువ ఉండాలి. ఆ సత్తువ ర్యాంపు మీద పోయింది.

"ఇంట్లనే ఉంట సార్," అంది.

ఆయన మంచినీళ్ళడిగాడు. కొంగులోంచి చేతులు తీయక తప్పలేదు. గ్లాసు అందుకుంటూ ఆయన ఆ గోళ్ళు చూశాడు. చుట్టూ నారింజ రంగు మరక, నల్లచుక్కలు పడ్డ వేళ్ళు.

"చేతులకేమైంది?"

"పొయ్యిలకు కంప కొడతది సార్," అన్నాడు యోనా.

ఆయన నీళ్ళు తాగి, గ్లాసు ఆమె చేతికే ఇచ్చి లేచాడు. పోతూ జస్టిన్‌తో ఒక్క మాటన్నాడు: భత్యం తీసుకుంటున్నన్నాళ్ళు ఇంకోచోట ఉద్యోగంలో చేరకూడదు, చేరితే ఆగిపోతుంది.

భత్యం వచ్చింది. జస్టిన్ చర్చి వెనక చింతచెట్టు కింద పేకాటకు కూర్చున్నాడు. మిరప కోతలకు మనుషులు కావాలని ఆటో వచ్చినప్పుడు, "నేను చేస్తే సర్కారు పట్టుకుంటది. నువ్వు పో," అన్నాడు. ఆమె పోయింది. ఇంట్లోనే ఉండే మనిషి పొద్దున చీకటితో లేచి ఎర్రుపాలెం దాకా ఆటోలో నిలబడి పోయి, మిరప ఘాటుకు తుమ్ముతూ కోసి, వచ్చి మళ్ళీ వండి, తోమి, ఉతికి, పడుకునేది. మంట చేతులతో కళ్ళు తుడుచుకోకూడదు. ఏడవడానికి కూడా వీలు లేని పని. ఆ సాళ్ళలో వంగి నడుస్తున్నప్పుడు ఆ జవాబే మెదిలేది. ఇంట్లనే ఉంట సార్. మొదట సిగ్గుగా ఉండేది. తర్వాత కోపం వచ్చేది. ఎండలు ముదిరేసరికి రెండూ పోయాయి. ఆ మాటను చింతగింజలా నోట్లో అటూ ఇటూ తిప్పుకుంటూ ఉండేది. చెప్పమన్నది వాళ్ళు. చెప్పింది తను. ఒకసారి చెప్పాక అది ఎవరిది?

భత్యం చివరి నెలలో మిల్లు చేతులు మారింది. కొత్త యజమాని ర్యాంపు తెరుస్తున్నాడని వెంకటప్పయ్య వచ్చాడు. ఇనప కొక్కేలు తుడుచుకొమ్మన్నాడు.

"సోమారం ఇద్దరు వచ్చెయ్యిన్రి. పాత పద్ధతే. కాకపోతే ఈయన ఆఫీసుకు భయపడే మనిషి, లోపల అడుగుపెట్టినోళ్ళందరికి కార్డు ఉండాల్నంటుండు. అన్నం తెచ్చిందని మనమే చెప్పుకుందాం."

జస్టిన్ సరేనన్నాడు. రిబ్కా చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నేను జోడీకి రాను."

"ఎందుకు రావే?"

"నాకు పని రాదు. ఎన్నడు చెయ్యలే. నీ ముందరనే గద సార్‌కు చెప్పిన."

వెంకటప్పయ్య నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు.

"కొత్తగ నేర్చుకుంట అన్నా," అంది అతనితో. "కొత్త కూలి ఎంతిస్తరో అంతే ఇయ్యి. కార్డు ఉండాల్నంటుండు గద మీ కొత్త సేటు. నా పేరున రాయి. రిబ్కా అని. ఇంకెవ్వరి పేరు కింద వద్దు. రాయకుంటే నాకు మిరప తోటలున్నయి. మీకు రాలిన పండ్లు ఎవరేరుతరో చూసుకో."

వెంకటప్పయ్యకు రాలిన పండ్ల విలువ తెలుసు. బండి స్టార్టు చేస్తూ, "సేటుతోని మాట్లాడతలే," అన్నాడు. మాట్లాడక తప్పదని అందరికీ అర్థమైంది. అప్పుడే అటు వచ్చిన చాంది గోడవతల ఆగి కేక వేసింది: "అన్నా, నాకు గూడ పని రాదు. రెండు కార్డులు తీసుకురా!"

జస్టిన్ లేచి నిలబడ్డాడు. "పిచ్చి లేసిందా నీకు? కూలి రెండు ముక్కలైతే నా పేరున ఏం మిగులుతది? రేపు మల్ల మిల్లు మూస్తే నా సగటు ఎంతకు పడతదో ఎరుకేనా?"

"నీ చేతులు ఎంత ఎత్తితే అంత," అంది రిబ్కా. బియ్యంలోంచి ఒక రాయి తీసి పారేసింది.

జస్టిన్ చేయెత్తాడు. గోడవతల చాంది తల కనిపించి దించాడు. అప్పుడు యోనా అరుగు దిగి వచ్చాడు. బీడీ నేలకేసి తొక్కాడు.

"సర్కారోడి ముందల నేను చెప్పిన మాట కుక్కలపాలు చేస్తవా? మా ఇంట్ల ఆడోళ్ళు పనికి పోరని చెప్పిన. ఇప్పుడు నువ్వు కార్డు మెడకేసుకుని ఊరేగితే నా నోటికి విలువేంది?"

ఆమె చాట కింద పెట్టింది. మామ ముందు గొంతు పెంచడం ఆమెకు అలవాటు లేదు. ఇప్పుడూ పెంచలేదు.

"అత్త చచ్చిపోయిన రోజు అన్నం తెచ్చిందన్నవు మామా."

యోనా తొక్కిన బీడీనే ఇంకోసారి తొక్కాడు.

"ఆ రోజు నాకు జరం. పనికి రాలే. మీ ముగ్గురికి అన్నం నేనే తెచ్చిన. గేటు కాడ గిన్నె పట్టుకుని నిలవడ్డ. కుప్ప కింద అత్త చేతిల గిన్నె లేదు. తట్ట ఉండె. తట్ట నిండ పండ్లుండె." ఊపిరి తీసుకుంది. "రేపు నేను పోతే నాకు గూడ గట్లనే చెప్తవా మామా? అన్నం తెచ్చిందని?"

జస్టిన్ తండ్రి వైపు చూశాడు. అతనికి ఆ సంగతి తెలియక కాదు. ఇంట్లో ఎవరైనా పైకి అనగలరని తెలియదు.

ముసలాయన వెనక్కి తిరిగి అరుగెక్కాడు. బీడీ తీసి, అగ్గిపుల్ల గీసి, ముట్టించకుండానే ఆర్పేశాడు.

"సోమారం పోతె పో," అన్నాడు రోడ్డు వైపు చూస్తూ. "మీ అత్త ముచ్చట మాత్రం నా ముందల మల్ల ఎత్తకు. నేను చచ్చేదాక నా నోట రాదు."

చచ్చేదాకా రాలేదు.