గీత పడిన ప్లేట్లు

“మిక్సీ వెయ్యొద్దంటే చట్నీ దేంట్లో నూరేది? నీ ప్లేట్ల మీదనా?” అంది రాజమ్మ వంటింటి గడపలో నిలబడి. పొద్దున కాఫీలప్పుడు మొదలైన తగాదా ఇది. ఇడ్లీలు దించేసరికి కూడా తెగలేదు.

“ఈ పక్క అయిపోనీ. ఇంకొక్క పాటే ఉండాది,” అన్నాడు వరదరాజులు ముందర గదిలోంచి. ఆ మాట కూడా పాటలో పడుతుందేమో అన్నట్టు గొంతు తగ్గించే అన్నాడు.

“ఈ పక్క అయితే ఆ పక్క అంటావు. ఆ పక్క అయితే ఇంకో ప్లేటు. ఇడ్లీలోకి పాటలు నంజుకుంటావా?”

“పొడి ఉండాది గదా.”

“నీకు పొడి పడదని డాక్టరు చెప్పింది మరిసిపోయినావా?”

వాళ్ళిద్దరి మధ్యా నడవాలో కూర్చుని కోడలు మాలతి జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. మిక్సీ వేస్తే, ల్యాప్‌టాపులోకి ఎక్కుతున్న పాటలో గుర్రుమని చప్పుడు పడుతుంది. ఆ మాటకొస్తే ఆమె కుట్టు మిషను మోటారు వేసినా అంతే. రికార్డు ప్లేయరు తిరిగినంతసేపూ మిషను ఆపేసి, చేతితో చేసే పనులన్నీ ముందేసుకుని కూర్చోవడం ఆమెకు అలవాటైపోయింది. తన గది కోసమే మొదలైన పని తన మిషన్నే ఆపేస్తోందని తలుచుకుంటే నవ్వూ వచ్చేది, ఒక్కోసారి ఒళ్ళూ మండేది.

వరదరాజులు మైకు సెట్టంటే ఒకప్పుడు పుంగనూరులోనే కాదు, సోమల, కలికిరి దాకా పేరు. పెళ్ళి కుదిరిందంటే పురోహితుడి తరవాత కబురు అందేది ఆయనకే. ప్లేట్లు పోయి క్యాసెట్లు, క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాక కొడుకు సుదర్శన్ అందుకున్నాడు. ఇప్పుడతను డీజే. ఒక ల్యాప్‌టాపు, పక్కన మీటలున్న ఒక పెట్టె, జేబులో పెన్‌డ్రైవు, అంతే సరంజామా. ఒక పాట తోక ఇంకో పాట నోట్లో పెట్టి రాత్రంతా ఆపకుండా నడిపిస్తాడు. పాత సామానంతా ముందర గదిలో మిగిలిపోయింది. గోడ పొడుగునా చెక్క పెట్టెల్లో గ్రామఫోను ప్లేట్లు, మూలన హారన్లు, కిటికీకి అడ్డంగా యాంప్లిఫయరు.

ఆ గది రోడ్డు వైపుంది. మాలతి దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళు ఆ పెట్టెల మధ్య పక్కకు తిరిగి నడిచి, నడవాలోకి వచ్చి, వంటింటి పొగలో నిలబడి కొలతలు ఇవ్వాలి. బస్టాండు దగ్గర అద్దాల తలుపుల షాపు తెరిచాక కొందరు రావడం మానేశారు. ఆ గది తనకిస్తే రోడ్డు మీద బోర్డు పెట్టుకుంటానని మాలతి భర్తను అడిగింది. సుదర్శన్ ఒప్పుకున్నాడు. పాటలన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి, ప్లేట్లు ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు.

మామ ఔననలేదు, కాదనలేదు. “ముందు పాటలన్నీ ఎక్కనీ, సూద్దాం,” అన్నాడు.

ఆ ‘చూద్దాం’ మీదే మాలతి ఆశ. సుదర్శన్ పెళ్ళిళ్ళంటూ ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి ఎక్కించే పని మామా కోడళ్ళ మీద పడింది. మామ ప్లేటు తుడిచి ముల్లు దించుతాడు, కోడలు ల్యాప్‌టాపులో బొత్తాం నొక్కుతుంది. ప్లేటు ఎంతసేపు పాడితే అంతసేపూ కూర్చోవాల్సిందే, తొందరపెట్టే దారి లేదు. వరదరాజులుకు చెవులు మందగించాయి. ముల్లు సరిగ్గా నడుస్తోందో లేదో ప్లేయరు చెక్క మీద వేళ్ళు ఆనించి తెలుసుకునేవాడు.

“ఈడ సూడు మాలతీ, ఇప్పుడు డోలు వస్తాది,” అనేవాడు. వచ్చేది.

మదనపల్లె నుంచి దినేష్ అనే కుర్రవాడు ప్లేట్లు చూసుకోవడానికి వచ్చాడు. అతనూ డీజేనే. బెంగళూరులో హోటళ్ళలో వాయిస్తాడట. ల్యాప్‌టాపు పక్కన పెట్టేసి, రెండు ప్లేయర్లు పెట్టి, ఒకదాని మీద ప్లేటు తిరుగుతుండగా ఇంకోదాన్ని వేలితో ఆపి పట్టుకుని వాయిస్తానని చెప్పాడు.

“నలభై ఐదేండ్లోడు పెన్‌డ్రైవు అంటాండాడు, నిన్న మొన్న మీసం వచ్చినోడు ప్లేటు అంటాండాడు,” అంది రాజమ్మ కాఫీ ఇస్తూ. “ఏం కాలమప్పా ఇది!”

“పెన్‌డ్రైవులో పాట నా చేతికి తగల్దవ్వా,” అన్నాడు దినేష్.

“తగిలితే గీతలు పడతాయి గదప్పా,” అన్నాడు సుదర్శన్ నవ్వుతూ.

దినేష్ ఒక్కో ప్లేటూ బయటికి తీసి, ఫోను లైటు వేసి, వాలుగా పట్టుకుని చూశాడు. బాగున్నవి ఒక వైపు, గీతలున్నవి ఇంకో వైపు. గీతలున్న వరస పొట్టిగానే ఉంది గానీ, వరదరాజులు కళ్ళు దాని మీదే ఉన్నాయి. ఏ పెళ్ళిలోనైనా ముందు వేసే వినాయకుడి పాట అందులో ఉంది. జాతరలో మళ్ళీ మళ్ళీ అడిగే కోలాటం ప్లేటు ఉంది. అన్నిటికన్నా పైన మంగళహారతి ప్లేటు.

“ఇవి వద్దు పెద్దాయనా. వేస్టు.”

“వేస్టు గాదు నాయనా. అడిగినోళ్ళు ఎక్కువయ్యే అవి అట్ల అయినాయి.”

“అట్లనే అనుకోండి. ఇవి ఎవురూ కొనరు.”

దినేష్ వెళ్ళాక వరదరాజులు ఆ పొట్టి వరసను తీసుకుపోయి తన మంచం కింద పెట్టుకున్నాడు. బాగున్నవాటి సంగతి సుదర్శన్ అడిగితే, “మనవరాలి పెండ్లి కానీ, సూద్దాం,” అన్నాడు. ఇంకో ‘చూద్దాం’. మాలతి ఆ పూట అన్నం సగంలోనే వదిలేసి మిషను ముందు కూర్చుంది.

పెళ్ళి కుప్పంలో. సుదర్శన్ అక్క మాధవీలతను కుప్పంలోనే ఇచ్చారు. ఆమె కూతురు వసుధ పెళ్ళి. ఆ ఇంటి ఆడపిల్లల పెళ్ళిళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. హారతి వేళ వరదరాజులు ఆ మంగళహారతి ప్లేటు వేస్తాడు, దానితోపాటు ఇంటి ఆడవాళ్ళంతా గొంతు కలుపుతారు. మాలతి కాపురానికి వచ్చిన కొత్తలో అత్త ఆ ప్లేటు పెట్టించే ఆమెకు పాట నేర్పింది.

ఈసారి ప్లేయరు తీసుకెళ్తానంటే సుదర్శన్ ఒప్పుకోలేదు.

“పలమనేరు దాటినాక ఆ రోడ్డుకు ముల్లు నిలస్తాదా నాయనా? పెన్‌డ్రైవులో ఉండాది గదా.”

“మేము ఎక్కించిందే గదా?”

“ఆ ప్లేటు ఒకటే గరగర. నెట్‌లో శుభ్రంగా ఉండాదని అదే దించి పెట్టినా. పాట అదే, పాడినామె కూడా ఆమే.”

సుదర్శన్ ఆ పాటను మొదట్లో కాసేపు విని ఆపేశాడు. డీజేలు ఏ పాటనైనా వినేది అంతేనని మాలతికి తెలుసు. తను కూడా పూర్తిగా వినాలనుకోలేదు. తెలిసిన పాటే కదా.

మండపంలో తలంబ్రాలు అయ్యాయి. వసుధ జుట్టులో బియ్యం, మొహంలో నవ్వు. రాజమ్మ హారతి పళ్ళెం పట్టుకుంది. ఆమె వెనక మాలతి, మాధవీలత, మిగతా చుట్టాలు. ఎదురుగా పెళ్ళికొడుకు తల్లి చిన్నక్క, ఆమె భజన బృందం ఆడవాళ్ళు. సుదర్శన్ మీట నొక్కాడు. పాట నీళ్ళలా తేటగా వచ్చింది. గరగర లేదు. ఆడవాళ్ళు అందుకున్నారు. పసుపు కుంకుమల చరణం అయింది. ఎప్పటిలాగే ఆ మాట చివర ఊపిరి తీసుకోకుండా అందరూ ‘జయ మంగళం’లోకి దూకారు.

స్పీకరు పెట్టెలో పాడే ఆమె దూకలేదు.

పుట్టినింటి గడప నీకు పరాయి కాదమ్మా
మెట్టినింటి గడపలోన మహలక్ష్మి నీవమ్మా

మాలతి నోరు తెరుచుకునే ఉండిపోయింది. పక్కన మాధవీలత గొంతు సగంలో తెగింది. రాజమ్మ పళ్ళెం తిప్పడం ఆపి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు తల పక్కకు వంచింది. అయితే ఎదుటి వైపు చిన్నక్కా, ఆమె బృందమూ ఆగలేదు. ఆ రెండు వరసలూ వాళ్ళకు వచ్చు. వాళ్ళు హాయిగా పాడారు. ఆ తరవాత జయ మంగళం వచ్చేసరికి ఈ వైపు ఆడవాళ్ళు తడబడుతూ మళ్ళీ కలిశారు.

భోజనాల దగ్గర చిన్నక్క రాజమ్మ చెయ్యి పట్టుకుంది. “ఎంత బాగా చేసినారు వదినా! గడప మాట రాంగానే మీరు నిలిపి, మెట్టినింటోళ్ళం మాకు వదిలిపెట్టినారే! మా ఎల్లప్పన్న కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు.”

“ఆఁ... అట్లనే అనుకుంటిమి,” అంది రాజమ్మ. మాలతి నవ్వు ఆపుకోవడానికి పాయసం గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో కారులో ఎవరూ నవ్వలేదు. వరదరాజులు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మండపంలో ఆ రెండు వరసలూ ఆయనకు సరిగ్గా వినబడనేలేదు. అందరూ ఒక్కసారిగా ఎందుకు ఆగారో సుదర్శన్ చెవి దగ్గర వంగి చెబితే గానీ తెలియలేదు.

ఇల్లు చేరిన మరుసటి రోజు మధ్యాహ్నం ఆయన ముందర గదిలో హారతి ప్లేటు పెట్టించుకున్నాడు. ఈసారి ముల్లు జారకుండా పైన బరువుకు రూపాయి బిళ్ళ కూడా పెట్టాడు. ఆ చోటికి రాగానే ముల్లు గీత మీద సన్నగా టిక్కుమని జారింది. జయ మంగళం. చెక్క మీద ఆయన వేళ్ళు కూడా దానితోపాటు ఎగిరినట్టు కదిలాయి. అక్కడో దూకుడు ఉందని ఆ వేళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. అది పాట నడకేననుకున్నాడు.

“ఇప్పుడు నీ ఫోన్లోది పెట్టు.”

మాలతి ఫోనును ఆయన చెవికి ఆనించి పట్టుకుంది. ఆ రెండు వరసలూ అయ్యాక ఆయన కళ్ళు మూసుకున్నాడు.

“ఇంకొక తూరి పెట్టు.”

గడపలో రాజమ్మ నిలబడి ఉంది. “మాధవిని పంపించిన దినం కూడా ఆ మాట లేకుండానే పాడినాం,” అంది మెల్లగా. “పుట్టినిల్లు పరాయి గాదని బిడ్డకు సెప్పనే లేదు సూడు మనము.”

“పాటలో సెప్పకపోతే ఏమత్తా, వదిన నెలకొక తూరి వస్తానే ఉండాది గదా,” అంది మాలతి.

“వచ్చినప్పుడల్లా నా పచ్చడి జాడీ ఖాళీ చేసే పోతాది,” అని రాజమ్మ నవ్వి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ పొద్దంతా వరదరాజులు మంచం కింది ప్లేట్లు ఒక్కొక్కటే వేయించుకున్నాడు. కోలాటం ప్లేట్లో ఒక మాట మూడుసార్లు వస్తుంది. ఊరు ఊరంతా ఆ మాటకు మూడు చప్పట్లు కొట్టేది. ఫోన్లో చూస్తే ఆ మాట ఒక్కసారే ఉంది. వినాయకుడి పాటలో సన్నాయి ఒక దగ్గర ఎక్కిళ్ళు పెడుతుంది. ఫోన్లో ఎక్కిళ్ళు లేవు. బాగున్న వరసలోంచి కూడా కొన్ని తీసి విన్నాడు. అవి ఫోన్లో ఎలా ఉన్నాయో ప్లేట్లోనూ అలాగే ఉన్నాయి. వాటిని తిరిగి కవర్లలో పెట్టేటప్పుడు ఆయన చేతిలో తొందర లేదు, బెంగా లేదు. మాలతి అది గమనించింది గానీ ఏమీ అడగలేదు. అడిగితే మళ్ళీ ‘చూద్దాం’ అంటాడని భయం.

ఆ రాత్రి ఆమె కొలతల టేపు చుట్టి పెడుతూ, గది రాకపోతే బస్టాండు షాపులో పనికి అడగాల్సి వస్తుందని సుదర్శన్‌తో అంది. అతను, “నాయన్ను నేను మళ్ళా అడుగుతా లే,” అన్నాడు. అడగలేదు.

కొత్త జంట పుంగనూరుకు భోజనానికి వచ్చింది. మాధవీలత, ఆమె భర్త భీమరావు కూడా వచ్చారు. నడవాలో మిషనుకు గుడ్డ కప్పి, దాని పక్కనే ఆకులు వేశారు. రాజమ్మ మిక్సీ వేసి నూరిన కొబ్బరి చట్నీ మొదలుకుని అన్నీ వడ్డించింది. వడ్డిస్తూనే ఆ రెండు వరసలు పెదవుల మీద ఆడించుకుంటోంది.

“అవ్వా, హారతి పాట ఇంకమీద ఎట్ల పాడేది? ప్లేట్లో మాదిరా, నిజం పాట మాదిరా?” అని అడిగింది వసుధ.

“రెండూ వస్తాయి నాకిప్పుడు,” అంది రాజమ్మ. “ఆ పక్కనోళ్ళకు ఆ వరసలు రాకపోతే నేనే పాడతా.”

అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక వరదరాజులు మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టాడు.

“దినేషుకు ఫోన్ చేసినా,” అన్నాడు. చెవులు మందమైనవాళ్ళు గట్టిగా మాట్లాడతారు. ఆయన మాత్రం ఎప్పుడూ మెల్లగానే మాట్లాడతాడు. అందుకే అందరూ చేతులు ఆపి విన్నారు. “ఆదివారం బండి తెస్తాండాడు. బాగుండేవన్నీ తీసకపోమన్నా.”

సుదర్శన్ తల ఎత్తాడు. “నిజంగానా నాయనా? అన్నీనా?”

“బాగుండేవి యాడైనా దొరకతాయి, నీ ఫోన్లో కూడా ఉండాయి. గీతలు పడినవి మనింట్లో తప్ప యాడా లేవు. అవి నా మంచం పక్క గూట్లో పడతాయి. ప్లేయరు కూడా ఆడనే.” ఆయన మాలతి వైపు చూడలేదు, ఆకు మడుస్తూ అన్నాడు. “ముందర గది మాలతిది. కిటికీ కాడ ప్లగ్గు ఉండాది. మిషను ఆడ ఏసుకుంటే వెలుతురు బాగా పడతాది.”