లాభం, రెండు, మూడు, నాలుగు

ధాన్యం కొలిచేవాడు ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. తాతల నాటి నుంచీ మార్కెట్‌లో కాంటా పట్టిన ఇంటివాడు రాజమౌళి. పాతికేళ్ల కింద కాలేజీ మైదానంలో డ్రమ్ముల ముందు కూర్చుని, మొదటి పాటకు ‘వన్, టూ’ అనబోయి, అలవాటుకొద్దీ ‘లాభం, రెండు, మూడు, నాలుగు!’ అని అరిచేశాడు. జనం పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపు పాటే అయిపోయింది. హార్డ్‌కోర్ పంక్ అంటే అంతే మరి! ఆలాపన లేదు, సాగతీత లేదు. కడుపులో కోపమంతా నిమిషంలో కక్కేసి దిగిపోవడమే. ఆ రోజు నుంచి ‘కారం’ బ్యాండు ప్రతి పాటా లాభంతోనే మొదలైంది.

తరవాత ఏమైంది? అందరికీ అయ్యేదే అయింది. పాటలు నాలుగేసి నిమిషాలకు సాగాయి, మెత్తబడ్డాయి, చివరికి ఆగిపోయాయి. ఓంప్రకాశ్ గిటారును అటక మీద పడేసి మట్టెవాడలో బట్టల దుకాణంలో కూర్చున్నాడు. గొంతు చించుకుని పాడే ప్రేమలత కొత్తవాడలో జంపఖానాల వ్యాపారంలో పడింది. ఇన్నేళ్లకు మళ్లీ మొదటి రోజుల్లాగే కొడదామని ఇద్దరినీ బతిమాలి లాక్కొచ్చినవాడు రాజమౌళే. పదకొండు కొత్త పాటలు కట్టారు, ఒక్కటీ నిమిషం దాటదు. యాభైకి దగ్గరపడ్డ ఆ మనిషికి ఆ పదకొండు పాటలు వాయించడం తప్ప ఇంకే కోరికా లేదంటే నమ్మండి.

కుడిచెయ్యి మోసం చేసింది. బస్తాలు లాగీ లాగీ భుజం నరం నలిగిందని దవాఖానలో చెప్పారు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, పిచ్చి మారాజు. ఎన్నాళ్లు దాగుతుంది? ప్రేమలత జంపఖానాల గోదాములోనే ప్రాక్టీసు. ఒక మధ్యాహ్నం నాలుగోసారి డ్రమ్ము కర్ర రాజమౌళి చేతిలోంచి జారేసరికి ఆమె పాట ఆపేసింది.

“అన్నా, ఒక్క మాట చెప్త, కోపం జెయ్యకు. మా కావ్య లాప్‌టాప్‌ల బీట్ చేసింది. జర విను.”

కూతురు కావ్య మీట నొక్కింది. అబ్బ, ఏం వేగం! పాతికేళ్ల నాటి రాజమౌళి చేతులే అందులో కూర్చున్నట్టున్నాయి. ఓంప్రకాశ్ గిటారు అందుకున్నాడు, ప్రేమలత అరిచింది, నిమిషంలో పాట అయిపోయింది. ఇన్ని నెలలూ రానిది వచ్చేసింది. అందరికంటే ముందు అది రాజమౌళికే తెలిసింది. ఏడుపొచ్చింది.

“గిదే గదరా మనకు కావాల్సింది,” అన్నాడు ఓంప్రకాశ్, అతని మొహం చూడలేక గిటారు తీగలు చూస్తూ. “లెక్క మాత్రం నువ్వే పెట్టాలె మౌళీ. నీ లాభం లేకుంటే అది మన పాటే గాదు.”

“పెడ్త తియ్యి. గా మాత్రం చెయ్యనా?”

కావ్య మైకు పట్టింది. రాజమౌళి అందులో ఒక్కసారి లెక్కపెట్టాడు.

“సూపరొచ్చింది మామా! సేవ్ చేసిన. ఇగ పదకొండు పాటలకు గిదే వాడుత. నువ్వు మళ్ల మళ్ల చెప్పే పని లేదు.”

ఆ పిల్ల మంచిగానే అన్నది. ఎవరిని తిట్టాలి?

ఆదివారం సాయంత్రం ‘కారం’ పాటలు వినడానికొచ్చిన జనంతో గోదాము నిండిపోయింది. ఇంట్లో ఆగలేక రాజమౌళి కూడా వచ్చి జనంలో నిలబడ్డాడు. స్పీకర్లలోంచి అతని గొంతే లేచింది. పిల్లలు ఒకరినొకరు గుద్దుకుంటూ ఎగిరారు, జంపఖానాల దొంతరలు కూలాయి. తను కలగన్నది అక్షరాలా ఇదే. దేవుడా, ఇంత బాగా ఎందుకు జరగాలి!

మూడో పాటలో ఎవరి భుజమో తగిలి తూలాడు. పట్టుకుందామంటే కుడిచెయ్యి లేవలేదు. పక్కనున్న కాలేజీ అమ్మాయి రెక్క పట్టి ఆపింది.

“పెద్దనాయనా, గీడ దెబ్బలు తాకుతయ్. గా తలుపుకాడ కుర్చీ ఉన్నది, పోయి కూసో,” అని, పాపం, జాలిగా అడిగింది. “బ్యాండుల నీవోళ్లు ఎవలన్న ఉన్నరా?”

“ఎవల్లేరు బిడ్డా,” అన్నాడు రాజమౌళి. వెళ్లి కూర్చున్నాడు.