మెత్తని పూత

"కాలరు దగ్గర కాస్త గట్టిగా రుద్దు. ఇవాళ స్టేజి మీద మాట్లాడాల్సింది నేను," అన్నాడు భర్త, అద్దంలో తన మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ.

ఆమె కాలరు మీద ఇంకోసారి ఇస్త్రీపెట్టె నడిపింది. ఇద్దరిదీ గాలిమరలతో కరెంటు తీసే ఒకే కంపెనీ, ఇద్దరూ ఇంజనీర్లే, సాయంత్రం ఇద్దరూ వెళ్ళాల్సింది ఒకే సభకి. చొక్కా మాత్రం ఆమే ఇస్త్రీ చెయ్యాలి. తను చేస్తే మడతలు పోవట! గాలిమర గేరుపెట్టెని విప్పి మళ్ళీ బిగించగల చేతికి చొక్కా మడత లొంగదంటే నమ్మాలి మరి. కొందరి చేతులు అంతే, ఇంటి గుమ్మం దాటి లోపలికొచ్చేసరికి సుకుమారమైపోతాయి.

ఆమె ధ్యాస చొక్కా మీద లేదు. సముద్రంలో కొత్తగా నిలబెట్టిన గాలిమరల రెక్కల మీద రకరకాల పూతలు వేసి పరీక్షిస్తారని, రెక్కల సంగతి బాగా తెలిసినవాళ్ళొకరు ఆర్నెల్లు అక్కడే ఉండాలని, పోయినవారం ఆఫీసంతా గుప్పుమంది. తనని పిలుస్తారేమోనని ఆమె వారంనుంచీ చెవులు రిక్కించుకుని కూర్చుంది. పిలుపు రాలేదు. వెళ్ళి అడుగుదామంటే నోరు పెగల్లేదు. ఒకసారి కాదనిపించుకున్న మనిషికి రెండోసారి అడగడం అంత తేలిగ్గా రాదు.

ఆ మొదటిసారి సంగతి తెలియాలంటే వాన సంగతి తెలియాలి. దూరంనుంచి చూస్తే గాలిమర తీరిగ్గా, పనీపాటా లేనట్టు తిరుగుతుంటుంది. దగ్గరికెళ్తే తెలుస్తుంది, రెక్క కొస రైలుకన్నా జోరుగా పోతోందని. ఆ జోరులో ఎదురొచ్చే చినుకు చినుకు కాదు, గులకరాయే. అలా కొట్టీ కొట్టీ కొన్నేళ్ళకి రెక్క ముందంచు చెదపట్టిన తలుపులా అయిపోతుంది. అంచు గరుకెక్కితే గాలి సాఫీగా జారదు, కరెంటు పడిపోతుంది. దానికి అందరూ గట్టి పూతలే వెతికారు. ఒకటి పగిలితే దానికన్నా గట్టిది, అదీ పగిలితే ఇంకా గట్టిది. ఆమె ఒక్కతే మెత్తని పూత కావాలంది. మీటింగులో ఒకళ్ళిద్దరు ముసిముసిగా నవ్వారు కూడా.

"మెత్తగా ఉండు తల్లీ, గట్టిగా ఉన్నదే పగిలేది," అని అత్తారింటికి పంపుతూ అమ్మ చెప్పిన మాట అది. కాపురంలో ఏమాత్రం పనికొచ్చిందో గానీ రెక్కకి మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చింది. ప్రయోగశాలలో రెక్కముక్కని గిరగిరా తిప్పుతూ నీళ్ళు కొట్టిస్తే, గట్టి పూతలన్నీ పెచ్చులూడాయి, ఆమె పూత దెబ్బ తిన్న ప్రతిసారీ లోపలికి నొక్కుకుని మళ్ళీ యథాస్థితికొచ్చింది. అప్పటినుంచే ఆఫీసులో ఆమెకి రెక్కల డాక్టరమ్మ అని పేరు. అయితే ఆ పూతకీ ఒక జబ్బుంది. పైకి గీతైనా పడదు. దెబ్బదెబ్బకీ లోపల అతుకు మాత్రం పిసరంత వదులుతుంది. ఎప్పుడో ఒకనాడు మామూలు వానకే పొరంతా ఊడి వచ్చేస్తుంది. ఆ రోజు ఎప్పుడొస్తుందో, దాన్ని ముందుగా ఎలా పసిగట్టాలో గదిలో కూర్చుంటే తేలదు, నిలబెట్టిన గాలిమరల మీద చూడాలి. అదే అడిగింది. "చూద్దామమ్మా," అన్నారు పెద్దాయన. పెద్దాయనంటే వాళ్ళ విభాగానికి అధికారి. ఇవాళ సభ ఆయన రిటైర్మెంటుకే.

ఆ ఆఫీసులో ఒక అలవాటుంది. ఆమెకి చెప్పాల్సినవి ఆమెకి చెప్పరు, ఆమె భర్తకి చెబుతారు. "ఇంట్లో చెప్పేయవయ్యా, ఒకే కప్పు కింద ఉంటారుగా, మళ్ళీ వేరే ఫోనెందుకు?" అంటారు. ఆమె సెలవు మంజూరైనా, సీటు మారినా, ఆఖరికి ప్రమోషనొచ్చినా ఆ కబురు రాత్రి అన్నంతో పాటే వడ్డన అయ్యేది. దీన్లో తప్పుందని ఎవరికీ తోచలేదు. నిజానికి ఆమెకీ తోచలేదు.

అలాగే ఒక సాయంత్రం అతనొచ్చి, "పెద్దాయన వద్దన్నారు. ఇప్పుడంత ఖర్చు పెట్టలేరట," అన్నాడు.

ఆమె గిన్నెలు తోముతూ పంపు తిప్పేసి, ఆ చప్పుడులో ఏడ్చింది. "దీనికీ ఏడుపేనా? ఉద్యోగం ఉందిగా, చాలదూ?" అని అత్తగారు అంటుంటే, "నువ్వూరుకోమ్మా," అన్నాడు భర్త. వచ్చి పంపు కట్టేశాడు. ఆమె చేతులు తన చొక్కాకే తుడిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. పెళ్ళయ్యాక మొదటిసారి తనే టీ పెట్టాడు. చక్కెర మరీ ఎక్కువైంది. అప్పటికి పాకుతున్న కూతుర్ని భుజాన వేసుకుని, అది నిద్రపోయేదాకా గదిలో అటూ ఇటూ తిరిగాడు. ఆ తర్వాత ఆమె రెక్కల పని వదిలేసి కాగితాల సీటుకి మారిపోయింది. ఏళ్ళు గడిచాయి. ఎన్ని మాటలు పడినా, ఎంత కోపమొచ్చినా, ఎప్పుడైనా ఈ మనిషితో ఇంక చాలు అనిపించినా, ఆ టీ అడ్డొచ్చి నిలబడేది. నిజంగా విరిగిపోయిన రోజున పట్టుకున్న మనిషి కదా, అనుకునేది. ఆ ఒక్క కప్పు మీదే ఆమె ఇన్నాళ్ళూ కాపురం చేసిందంటే అతిశయోక్తి కాదు.

సభలో భర్త బాగా మాట్లాడాడు. "ఆఫీసులో నాకు బాస్ పెద్దాయన, ఇంట్లో బాస్ మా ఆవిడ," అంటే హాలంతా ఘొల్లున నవ్వింది. పాచిపోయిన జోకే, అయినా అందరూ మొహమాటపడకుండా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కాలరు నిలువుగా, మడతన్నది లేకుండా ఉంది.

కేకు పంచాక పెద్దాయన ప్లేటు పట్టుకుని ఆమె పక్కకొచ్చారు.

"డాక్టరమ్మా, వెళ్ళిపోయేముందు ఒక్కటడుగుతాను. ఏమీ అనుకోవుగా?"

"అయ్యో, అడగండి సార్."

"నీ పూత కోసం పైవాళ్ళతో దెబ్బలాడి మరీ ఒప్పించాను. గాలిమరలు రెండు నీకోసం కేటాయించాను. తీరా నువ్వు రానన్నావు. ఎందుకమ్మా?"

పెద్దాయన తనని ఇంకెవరో అనుకుని మాట్లాడుతున్నారనుకుందామె. "సార్, మీరే కదా ఖర్చెక్కువని వద్దన్నది?"

"నేనా? నేనెందుకంటాను? మీవారితో కబురు చేశాను. మర్నాడొచ్చి, 'అడిగానండీ, పిల్లని వదిలి రాలేనంది' అన్నాడు. మొన్న సముద్రం పనికి కూడా, నా సీట్లోకొస్తున్న కొత్తాయనకి నీ పేరే చెప్పాను. ఆయన మీవారినడిగితే, 'తనకిప్పుడు వాటి మీద ఆసక్తి లేదండీ' అన్నాడట..." అంటూనే ఆయన ఆగిపోయారు. ఆమె మొహం చూసి ఆయనకి అర్థమైనట్టుంది. "అయ్యో," అన్నారు చిన్నగా. "నేను నీకే ఫోన్ చెయ్యాల్సింది కదమ్మా."

విచిత్రమేమిటంటే, ఆ క్షణాన ఆమెకి రెక్కలు గుర్తురాలేదు. రెండు గాలిమరలూ, పోయిన ఇన్నేళ్ళూ, ఈలోగా వేరెవరో మెత్తని పూతల దారినే వెళ్ళి సంపాదించుకున్న పేరూ గుర్తురాలేదు. టీ గుర్తొచ్చింది. ఆ రోజు పొద్దున్నే పెద్దాయన దగ్గర ఆమె తరఫున వద్దని చెప్పొచ్చిన మనిషి, సాయంత్రం ఇంటికొచ్చి ఆమె కళ్ళు తుడిచాడన్నమాట. కొట్టిన చెయ్యీ అదే, తుడిచిన చెయ్యీ అదే. మరి ఆ జాలి దొంగదా అంటే కాదు, అదే ఆమె గుండెని కోసింది. ఆ జాలి నిజం. ఆమెకది బాగా తెలుసు, ఎందుకంటే అతని కళ్ళల్లోనూ నీళ్ళు చూసిందప్పుడు. ఈ కాపురంలో అపురూపంగా దాచుకున్నది అదొక్కటే అయ్యుండి, అదే ఇలాంటిదయితే, మిగిలినవాటినింక తిరగేసి చూడాలంటేనే భయమేసింది.

కొత్తాయన గుమ్మం దగ్గర నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఆమె తిన్నగా అక్కడికెళ్ళింది.

"సార్, సముద్రం పనికి నేను వస్తాను."

"అదేమిటండీ? మీవారు..."

"ఆయన చెప్పింది ఆయన మాట. మీరు నన్నడగలేదు. ఇప్పుడడగండి."

కొత్తాయన తడబడి, "వస్తారా?" అన్నారు.

"వస్తాను."

ఇంటికొచ్చాక భర్త ఇంకా చొక్కా విప్పకముందే అడిగేసింది. అతను బుకాయించలేదు, అది అతని మంచితనమే అనాలేమో.

"బుడ్డది అప్పటికి పాకుతోంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నువ్వెళ్తే ఇల్లేమైపోను? నీ మంచికే కదా."

"నన్నడగొచ్చుగా?"

"అడిగితే వెళ్తానంటావని తెలుసు. అందుకే అడగలేదు," అన్నాడు, వానొస్తుందని తెలుసు, అందుకే గొడుగు తెచ్చాను అన్నంత మామూలుగా.

"వాడు నాతో చెప్పే చేశాడమ్మాయ్, ఎవరికీ చెప్పకుండా ఊరికే ఏం చెయ్యలేదు," అంది అత్తగారు, ఓదారుస్తున్నట్టే. అంటే ఇంట్లో ఆమెకి తప్ప అందరికీ తెలుసన్నమాట.

"ఆ రోజు నాకు టీ పెట్టిచ్చారు. ఎందుకు?"

"టీయా? ఏ రోజు?"

అతను నిజంగానే గుర్తు చేసుకోబోయాడు. నుదురు ముడిచి, పైకి చూసి, తల అడ్డంగా ఊపాడు. "ఏమో మరి. ఏడుస్తుంటే పెట్టుంటాలే. మనిషి ఏడుస్తుంటే చూస్తూ కూర్చుంటామా?"

గుర్తు కూడా లేదు. ఆమెకి అరవాలనిపించలేదు, దేన్నీ విసరాలనిపించలేదు. లోపల ఎక్కడో ఎన్నాళ్ళుగానో వదులుతూ వస్తున్న అతుకు పూర్తిగా విడిపోయింది, అంతే. "సముద్రం పనికి వెళ్తున్నాను. ఆర్నెల్లు. వారం వారం వచ్చి వెళ్తాను," అంది.

"బుడ్డదాని సంగతేమిటి?"

"దాన్నే అడుగుతాను."

"అడిగేదేముంది, అదొప్పుకోదు."

"మీరాగండి. దాని మాట దాన్ని చెప్పనివ్వండి."

కూతురు బొమ్మల పుస్తకం పక్కన పెట్టి అంతా విన్నది. అమ్మ చెప్పేదాకా ఆగి, కిందిపెదవి బిగబట్టి, "వెళ్ళొద్దమ్మా," అంది.

భర్త, చూశావా అన్నట్టు చూశాడు. ఆమె నేలమీద కూర్చుని కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. ఆ మాట వినేసరికి గుండె చెరువైపోయింది. ఔననిపించుకోవడానికి అడగలేదు, అయినా ఔనంటుందేమోనని ఎంత ఆశపడిందో అప్పుడు తెలిసింది.

"నువ్వు వద్దన్నావు. విన్నాను తల్లీ. నీకు కష్టంగా ఉంటుంది, నాకూ ఉంటుంది. అయినా నేను వెళ్తాను. అక్కడ నా పని ఒకటి సగంలో ఉండిపోయింది. నీకు కోపమొస్తే నాకే చెప్పు. ఇంకెవరితోనూ చెప్పి పంపకు."

బుడ్డది చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తున్నంతసేపూ ఆమె, ఊరుకో అనలేదు, ఏడవనిచ్చింది, తనూ ఏడ్చింది. చివరికి ముక్కు అమ్మ భుజానికి తుడుచుకుని, తండ్రి వైపొకసారి చూసి, గుసగుసగా అడిగింది.

"మరి నాన్న ఏమన్నారు?"

"నాన్నని నేను అడగలేదమ్మా."