ఐదున్నరకు లాజరు పాట

ఖయ్యూం రేడియో నెత్తిన అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. పొద్దున తొమ్మిదింటికి మీట తిప్పితే ఇప్పుడు పన్నెండు కావస్తోంది, ఒక్కసారి కూడా ఆగలేదు. చెక్కపెట్టె గోరువెచ్చగా ఉంది, ఉండాల్సినంతే. స్టేషన్ల పేర్లున్న గాజుపలక వెనక చిన్న దీపం పచ్చగా వెలుగుతోంది. లోపలి నుంచి ఎవరో పెద్దమనిషి పశువుల గాలికుంటు రోగం గురించి తాపీగా చెప్పుకుపోతున్నాడు. ఖయ్యూంకు పశువులు లేవు. అయినా ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల రేడియోలు వినీ వినీ ఆయనకు తెలియని పశువైద్యం లేదు.

"ఏమైంది భాయ్, దొరికిందా దొంగ?" పక్క కొట్టులో కుట్టుమిషను ఆపి గాలయ్య కేకేశాడు.

"దొరకలే. నా కాడ మంచిగనే పాడుతది."

"నీ చెయ్యి వడంగనే రోగం పోతది దానికి. ఇంటికి పోంగనే మల్ల మొదలు. మా అత్త అచ్చం గిట్లనే జేస్తది."

ఖయ్యూం నవ్వలేదు. ఈ రేడియో కొట్టుకు రావడం ఇది మూడోసారి. ఇంట్లో పాడుతూ పాడుతూ ఉన్నట్టుండి దీపంతో సహా ఆరిపోతుంది. కాసేపటికి ఎవరూ ముట్టుకోకుండానే మళ్లీ వెలుగుతుంది. మొదటిసారి టంకాలన్నీ కొత్తగా పెట్టాడు. రెండోసారి కండెన్సరు మార్చాడు. ఈసారి కరెంటు తీగ కూడా మార్చి, గాజుబుడ్ల లాంటి వాల్వులను ఒక్కొక్కటే వేలిగోటితో తట్టి చూశాడు. చెడిపోయిన రేడియోను బాగుచేయడం ఎవరికైనా వస్తుంది. బాగానే ఉన్న రేడియోను బాగుచేయడమే గండం.

ఖయ్యూం యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టిగా, కాస్త వంగి, తెల్ల పైజమా మోకాళ్ల మీద ఎప్పుడూ టంకం చుక్కలు పడి మాడిన మచ్చలతో ఉంటాడు. కుడి బొటనవేలి గోరు నల్లబడి అట్లాగే ఉండిపోయింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సికింద్రాబాదు పటాలంలో వైర్‌లెస్ సెట్లు బాగుచేయడం నేర్చుకున్నాడు. అక్కడే ఎడమ చెవి వినికిడి పోగొట్టుకున్నాడు. మిగిలిన ఒక్క చెవితోనే శివ్వంపేట నుంచి శంకరంపేట దాకా ఉన్న రేడియోలన్నింటి గొంతులూ గుర్తుపడతాడు. ఇన్నేళ్లలో సొంతానికి ఒక్క సెట్టు కొనుక్కోలేదు. కొట్టులో ఎప్పుడూ ఏదో ఒకటి పాడుతుంది కదా అంటాడు. పరీక్ష కోసం ఇంటికి తీసుకెళ్తే భార్య నూరున్నీసా నాటకం వింటూ కూర్చునేది. నాటకం సగంలో ఉండగా మర్నాడు సెట్టుగలవాళ్లు వచ్చి పట్టుకెళ్లేవాళ్లు. ఆ తర్వాత ఏమైందో ఆమెకు ఎన్నడూ తెలియలేదు. "నీ కాపురమంతా సగం సగం కథలే" అని ఆమె ఎత్తిపొడుస్తుంది. ఆ మాట నిజమే, ఖయ్యూం ఒప్పుకుంటాడు కూడా.

అవి రేడియోను ఊరు ఊరంతా మనిషిలా చూసుకున్న రోజులు. సెట్టు వచ్చిన ఇంటికి చుట్టాలు ఎక్కువయ్యేవాళ్లు. వార్తలప్పుడు పిల్లల్ని దగ్గనిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

మధ్యాహ్నం రెండింటికి సౌభాగ్యమ్మ వచ్చింది. రేడియో ఆమెదే. మిషను దవాఖానాలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచీర, చేతిలో గొడుగు, నడకలో ఇంకా వార్డులో తిరుగుతున్నంత వడి. కానీ ఆవేళ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఖయ్యూం భాయ్, ఇయ్యాల్నే. ఐదున్నరకు."

ఆయనకు తెలుసు. పోయిన క్రిస్మస్‌కు హైదరాబాదు రేడియో వాళ్లు మెదక్ పెద్ద చర్చికి వచ్చి గాయకబృందం పాటలు రికార్డు చేసుకుపోయారు. అందులో ఒక పాటలో రెండు చరణాలు ఆమె భర్త లాజరు ఒక్కడే పాడాడు. మిషను బడిలో డ్రిల్లు మాస్టరు, బండగొంతు. ఆ టేపు ఏడాదిపాటు ఎక్కడ పడుకుందో కానీ ఇవాళ వేస్తున్నామని వారం కిందట ఉత్తరం వచ్చింది. ఈలోగా ఆషాఢంలో లాజరు పోయాడు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. ఇంట్లో ఒక ఫోటో ఉంది, ఫోటో మాట్లాడదు.

"ఒక్కపారే ఏస్తరంట. గప్పుడు గిన ఆగిందంటే..." అంది ఆమె.

"వేరేటోళ్ల ఇంట్ల ఇనొచ్చు గదమ్మా, జర ఆలోచన జెయ్యుండ్రి."

"వాళ్ల నడుమ కూసొని ఎట్ల ఇనాలె నేను?"

ఖయ్యూం రేడియో వంక చూశాడు. "ఇది ఎప్పటి సంది ఇట్ల జేస్తుందమ్మా?"

"ఆయన పోయినప్పటి సందే."

మొదటి రెండుసార్లు తెచ్చినప్పుడూ ఆమె ఇదే మాట చెప్పింది. దుఃఖంలో ఉన్న మనుషులు అన్నీ అక్కడి నుంచే లెక్కపెడతారని ఖయ్యూం అప్పుడూ తలూపాడు, ఇప్పుడూ తలూపాడు. పెద్ద పొరపాటు అక్కడే జరిగింది. రోగి రోగం పేరు చెబుతుంటే వైద్యుడు జాలిపడి ఊరుకున్నాడు.

నాలుగింటికి రేడియోను పాత దుప్పటిలో చుట్టి సైకిలు వెనక కట్టుకుని ఆయనే బయలుదేరాడు. ఎక్కితే అదురుతుందని నడిపించుకుంటూ వెళ్లాడు. డిసెంబరు ఎండ చర్చి గోపురం మీద నుంచి ఏటవాలుగా పడుతోంది. ఆ పక్క సందులో సౌభాగ్యమ్మది రెండు గదుల పెంకుటిల్లు. ముందుగదిలో లాజరు బల్ల, బల్ల మీద గోడకు ఆనించి రేడియో పెట్టుకునే చోటు, పైన ఫోటో. సెట్టు అక్కడ పెట్టి మీట తిప్పితే దీపం వెలిగింది, నిమిషానికి పాట మొదలైంది. చక్కగా పాడింది.

"నేను ఏరియల్ జూసొస్త" అని ఖయ్యూం పెరట్లోకి వెళ్లాడు. వెదురుగడకు కట్టిన తీగ తుప్పుపట్టింది. దింపి, గీకి, మళ్లీ కట్టేసరికి ముప్పావుగంట పట్టింది. గడ కింద నిలబడి కుడిచెవి ఇంటివైపు తిప్పి వింటున్నాడు. ఎవరో షెహనాయి వాయిస్తున్నారు. అది నడిమధ్యలో తెగిపోయింది.

"భాయ్!" లోపలి నుంచి కేక.

ఖయ్యూం చేతిలో స్క్రూడ్రైవరుతో పరుగెత్తాడు. ఆ వయసులో పరుగెత్తకూడదు, గుండెలో కలుక్కుమంది, పట్టించుకోలేదు. గోడగడియారం ఐదూ పది చూపిస్తోంది. దీపం ఆరిపోయి ఉంది. సౌభాగ్యమ్మ రెండు చేతులూ కడుపు దగ్గర పెట్టుకుని మొహం తెల్లబోయి నిలబడింది.

ఆయన అలవాటుగా రేడియో నెత్తిన అరచెయ్యి పెట్టాడు. చురుక్కుమని వెనక్కి లాక్కున్నాడు. రొట్టెల పెనంలా కాలుతోంది. కొట్టులో ఐదుగంటలు పాడినా గోరువెచ్చన దాటని పెట్టె ఇక్కడ గంటకే ఇంత కాగడమేమిటి? గదంతా చూశాడు. గోడ చల్లగా ఉంది. బల్ల చల్లగా ఉంది. అప్పుడు ఆమె చేతుల మీద మడిచి ఉన్నదాన్ని చూశాడు. బూడిదరంగు ఉన్నిశాలువ.

"గదేంది?"

"ఆయన శాలువ. దీనిమీద కప్పుత. ఎనక దాక కప్పుత, దుమ్ము వోకుంట." ఆమె గొంతు తగ్గింది. "మీ కాడికి రిపేరుకు తెచ్చేటప్పుడు తీసి మడత పెడుత. ఇప్పుడు గూడ మీరు పెరట్లకు వోంగనే కప్పిన, మీరొస్తున్నరని తీసిన. పెద్దమనిషి పని జేస్తుంటే బట్ట అడ్డం ఎందుకని."

ఖయ్యూం చెయ్యి చాపి శాలువను ముట్టుకున్నాడు. వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో ఒంటి మీది నుంచి తీసినట్టు. లాజరు ఉన్నన్నాళ్లు ఆ శాలువ లాజరు భుజాల మీద ఉంది, రేడియో బాగానే పాడింది. లాజరు పోయాక శాలువ రేడియో మీదికి వచ్చింది. ఆయన పోయినప్పటి సందే అని ఆమె మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఆయన ఒక్కచెవితో కూడా వినలేదు.

"అమ్మా, దీనికి గాలి ఆడుతలేదు. లోపల వాల్వుల ఏదో సన్నతీగ నెర్రెబాసింది. వేడికి ఇడిపోతది, సల్లగైతే అతుక్కుంటది. నా కాడికి బట్ట లేకుంట వస్తుండె, నాకేం తెలుస్తది?"

సౌభాగ్యమ్మ చేతిలోని శాలువ వంక చూసుకుంది. ఎన్నో నెలల తర్వాత మొదటిసారి నవ్వింది. "ముప్పై ఏండ్లు జరమొచ్చినోళ్ల మీదికెంచి దుప్పట్లు గుంజి పారేసిన దాన్ని. నా ఇంట్ల నేనే కప్పి పెట్టిన్నా?"

గడియారం ఐదూ పదిహేను. కొత్త వాల్వు కావాలంటే హైదరాబాదు పోవాలి. ఖయ్యూం స్క్రూలు తిప్పి వెనక అట్ట ఊడదీశాడు. వేడి గుప్పున మొహానికి తగిలింది. సెట్టును గోడ నుంచి జానెడు ముందుకు జరిపి "పంఖా ఉందా?" అన్నాడు. ఆమె వంటింట్లో నుంచి తాటాకు విసనకర్ర తెచ్చింది. ఆయన స్క్రూడ్రైవరును రేడియో మీద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని విసరసాగాడు. చలికాలం సాయంత్రం, తలుపులన్నీ బార్లా తెరిచి, రేడియోకు విసురుతున్న ముసలాయనను దారినపోయే వాళ్లు ఎవరైనా చూస్తే ఏమనుకునేవాళ్లో. కాసేపటికి ఆయన చెయ్యి నొప్పిపుట్టి ఆగితే ఆమె అందుకుంది.

ఐదూ ఇరవై ఏడుకు దీపం వెలిగింది. ఖయ్యూం అల్లా పేరు తలుచుకున్నాడు, సౌభాగ్యమ్మ యేసయ్య పేరు తలుచుకుంది. ఇద్దరూ విసనకర్ర మాత్రం ఆపలేదు.

మెదక్ గాయకబృందం అని రేడియోలో ఆడమనిషి చెప్పింది. హార్మోనియం, తర్వాత అందరి గొంతులు. మొదటి పాట, రెండో పాట. మూడో పాటలో ఒక చరణం అయ్యాక అందరూ ఆగారు. వాద్యం ఇంకా ఒక వరస వాయించాల్సి ఉండగానే లోతైన బండగొంతు ఒకటి అందుకుంది.

"సూడుండ్రి!" సౌభాగ్యమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "మల్ల ముందుగాల్నే అందుకున్నడు. ఎన్నిసార్లు జెప్పినా ఇనకపోతుండె. పాటల మాస్టరు తిడుతనే ఉంటుండె."

ఆ తర్వాత ఆమె ఏడ్చింది. మొహం కప్పుకోకుండా, ఫోటో వైపు కాక రేడియో వైపు చూస్తూ ఏడ్చింది. విసనకర్ర ఖయ్యూం తీసుకున్నాడు. దీపం ఒకసారి మిణుకుమంది. ఆయన ఊపిరి బిగబట్టి ఇంకా గట్టిగా విసిరాడు. దీపం నిలబడింది. లాజరు రెండు చరణాలూ పూర్తిగా, ఒక్కమాట పోకుండా పాడాడు. పాట అయిపోయి వేరే కార్యక్రమం మొదలయ్యాక కూడా ఆయన విసురుతూనే ఉన్నాడు.

బయలుదేరేటప్పుడు చలి కమ్ముకుంది. ఖయ్యూం చొక్కా చెమటతో తడిసి వీపుకు అంటుకుంది. సౌభాగ్యమ్మ శాలువ తెచ్చి ఆయన భుజాల మీద వేసింది.

"వద్దమ్మా, సారు శాలువ గదా."

"చెమట వట్టి చలిల పోతరా? నర్సు మాట ఇనుండ్రి. దీంట్ల మనిషుండాలె, పెట్టె కాదు."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి నూరున్నీసాతో ఆయన చెప్పిన మొదటి మాట, ఇవాళ ఒక పాట చివరిదాకా విన్నానని. ఎవరి పాట, ఏమైంది అని ఆమె అడిగింది. అంతా మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. కాపురంలో ఆమె పూర్తిగా విన్న కథ అదొక్కటే.

మర్నాడు పొద్దున కొట్టు తీశాడు. శాలువ కప్పుకుని, చేగుంట నుంచి వచ్చిన సెట్టు ఒకటి ముందు పెట్టుకుని మీట తిప్పాడు. పదిన్నర ప్రాంతంలో గాలయ్యకు అనుమానం వచ్చింది. ఆ సెట్టు గంట నుంచి స్టేషను జరిగి గరగరమంటోంది, భాయ్ సరిచేయడం లేదు. వచ్చి చూస్తే ఖయ్యూం కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. అరచెయ్యి రేడియో మీదే ఉంది. రేడియో వెచ్చగా ఉంది, చెయ్యి చల్లగా ఉంది.

సౌభాగ్యమ్మ వచ్చి నూరున్నీసా పక్కన చాలాసేపు కూర్చుంది. ఆమె శాలువ తిరిగి ఇవ్వబోతే సౌభాగ్యమ్మ తీసుకోలేదు.

సౌభాగ్యమ్మ రేడియో తర్వాత ఎన్నో ఏళ్లు పాడింది. గోడకు జానెడు దూరంలో, మీద బట్ట లేకుండా ఉండేది. వచ్చినవాళ్లు దాని నెత్తిమీద ఉన్నదాన్ని తీయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టేది. "ఉండనియ్యుండ్రి, దానికి గాలి ఆగదు" అనేది. చెక్కపిడి పగిలితే నల్లటేపు చుట్టుకున్న చిన్న స్క్రూడ్రైవరు, ఆ సాయంత్రం ఖయ్యూం పెట్టి మరిచిపోయినచోటే ఉండేది.