కౌంటర్ల ఎవరున్నరు

పరశురాంకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. మందుల దుకాణం మాత్రం పెళ్లయ్యాక పెట్టుకున్నాడు. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద, బస్టాండుకు ఎదురు వరసలో ఉంటుంది ఆయన మెడికల్ షాపు. ఎవరొచ్చి ఏమడిగినా ముందు ఆయన అడిగేవి అడగాల్సిందే. ఎవరికి? ఎందుకు? ఎవరు రాసిండ్రు? అది జాగ్రత్త అని ఆయన నమ్మకం. బస్సు కోసం నిలబడ్డవాళ్లకు కూడా వినబడే గొంతు కాబట్టి అది జాగ్రత్తో దండోరానో తేల్చడం కష్టం. మనిషి చెడ్డవాడేం కాదు. కాలం చెల్లిన గోలీ ఒక్కటి ఆయన అరల్లో దొరకదు. మత్తు కోసం దగ్గు మందు అడిగే కుర్రాళ్లు ఆయన్ను చూస్తే రోడ్డు దాటి అవతలి పక్క నడుస్తారు.

ఇంత జాగ్రత్తగా నడిపిన దుకాణానికి ఈ మధ్య గండం వచ్చిపడింది. ఒక పెద్ద కంపెనీ అదే రోడ్డు మీద అద్దాల మెడికల్ షాపు తెరిచింది. లోపల చల్లగా ఉంటుంది, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. పరశురాం గిరాకీ పలచబడింది. ఇలాగే సాగితే షట్టర్ దించి ఆ అద్దాల దుకాణంలోనే కొలువు అడుక్కోవాల్సి వస్తుందని ఆయన భయం. ఆ భయాన్ని మాత్రం ఎవరికీ చెప్పలేదు, భార్య రేణుకమ్మకు కూడా.

సరిగ్గా అప్పుడే సాయిశ్రీ వచ్చింది. హయత్‌నగర్ పిల్ల. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలోనే చదివింది. చిన్న మెడికల్ షాపులన్నిటికీ కలిపి ఒక యాప్ తయారు చేస్తానంది. జనం ఫోన్‌లో మందులు చెబుతారు, షాపువాళ్లు కట్టి ఉంచుతారు, వీలున్నప్పుడు వచ్చి తీసుకుపోతారు. మొదట ఈ దుకాణంలో పెట్టి చూస్తుందట. ఇది బాగా నడిచిందని పరశురాం ఒక్కమాట చెబితే బొంగులూరు దాకా ఉన్న మిగతా దుకాణాలవాళ్లూ చేరతామన్నారు.

"ఎంతనే?" అని అడిగాడు పరశురాం.

"నీకు ఉత్తగనే కాకా."

ఆ మాటతో ఆయనకు రాత్రి నిద్ర పట్టలేదు. "ఉత్తగ ఎవరిస్తరే? ఎలుకల బోన్ల కొబ్బరిముక్క గూడ ఉత్తగనే పెడ్తరు" అన్నాడు భార్యతో. కానీ మునిగేవాడికి గడ్డిపోచ దొరికితే దాని జాతకం అడుగుతూ కూర్చోలేడు కదా. సరేనన్నాడు.

వారం రోజుల పాటు ఆ పిల్ల కౌంటర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. వచ్చేవాళ్లను చూసింది, ఏం కొంటున్నారో చూసింది. ఏమీ మాట్లాడలేదు. మాట్లాడని మనిషిని చూస్తే పరశురాంకు అరికాళ్లు దురదపెడతాయి. ఇది అద్దాల దుకాణంవాళ్లు పంపిన మనిషేమో, మన గిరాకీ గుట్టంతా మోసుకుపోవడానికి వచ్చిందేమో అని గుంజాటన పడ్డాడు. ఆమె ఫోన్ మోగినప్పుడల్లా అరలు తుడిచే నెపంతో దగ్గరికి జరిగి చెవి పెట్టాడు. "తింటి అమ్మా, తింటి" అనడం తప్ప ఇంకేమీ వినబడలేదు. అది కూడా గుర్తు మాటేమోనని ఒక పూట ఆలోచించాడంటే ఇక ఆ మనిషిని ఏమనాలి.

ఈ దుకాణంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయేది తలనొప్పి బామ్ అని సాయిశ్రీ కనిపెట్టింది. ఆడా మగా తేడా లేదు, వచ్చినవాళ్లలో సగంమంది చిన్న డబ్బీ ఒకటి కొనుక్కుని పోతున్నారు. అందుకని యాప్ తెరవగానే బామ్ డబ్బీ బొమ్మ పెద్దగా కనబడేట్టు పెట్టింది. పరశురాంకు అది నచ్చింది. పిల్లకు తెలివుందని మొదటిసారి ఒప్పుకున్నాడు.

యాప్ మొదలైంది, ఆర్డర్లూ వచ్చాయి. గజ్జి మందు అడిగారు, మొలల మందు అడిగారు. పిల్లలు కాకుండా వేసుకునే గోలీలు, నెలసరి ప్యాడ్లు అడిగారు. బామ్ మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఇక పరశురాం ఊరుకుంటాడా?

"పిల్లా, బామ్ ఆర్డర్లు యాడికి పోతున్నయ్?"

"రాలేదు కాకా. వస్తే నీ ఫోన్లనే కనబడ్తయి గద."

"ఎందుకు రావు? దుకాణంల దినాం అమ్ముడువోతున్నయ్. ఫోనున్నోళ్లకు తలకాయ నొయ్యదా?"

సాయిశ్రీ కూడా అర్థంకాక తల గోక్కుంది. లోపల పెట్టెలు సర్దుతున్న రేణుకమ్మ ఇక ఉండబట్టలేక బయటికి వచ్చింది.

"బామ్ ఎవరికి గావాలె? ఆడోళ్లు దుకాణం దాంక వస్తరు. నిన్ను జూస్తరు. అడగనీకె నోరు రాదు. ఉత్తచేతుల మర్లిపోతే బాగుండదని బామ్ అడుగుతరు. మొగోళ్లు గూడ గంతే. మొలలకు మందు అడగనీకె వచ్చి నెత్తికి బామ్ కొనుక్కపోతరు."

"నేనేమన్న పులినా?"

"పులి నయం. ఎవరికి, ఎందుకు అని అడగది."

సాయిశ్రీ పకపకా నవ్వింది. నవ్వి, ఫోన్‌లో యాప్ తెరిచి ఆ బామ్ బొమ్మ వైపే చూసింది. వారం రోజులు పక్కనే కూర్చుని ఇంత పెద్ద సంగతి చూడలేకపోయానే అని చిన్నబోయినట్టుంది. ఆ సాయంత్రమే బామ్ బొమ్మ తీసేసింది. దాని చోట రెండు కొత్తవి పెట్టింది. ఒకటి, ఆర్డర్ పెట్టినవాళ్ల పేరు దుకాణానికి కనబడదు, ఒక నంబర్ మాత్రమే వస్తుంది. మూతి అతికించిన కవర్ మీద ఆ నంబర్ రాసి పెడితే వచ్చి చూపించి తీసుకుపోతారు. రెండోది, ఆ సమయానికి కౌంటర్ల ఎవరున్నరో తెలిపే బొమ్మ. రేణుకమ్మ కూర్చుంటే చీర కట్టిన బొమ్మ, పరశురాం కూర్చుంటే మీసాల బొమ్మ.

ఆ మీసాల బొమ్మ చూసి పరశురాంకు ఒళ్లు మండింది. అయినా సహించాడు. సహించలేనిది ఇంకొకటి జరిగింది. మీసాలున్నంతసేపు ఫోన్ చల్లగా పడి ఉంటుంది. భోజనానికి ఇంటికి పోయి రేణుకమ్మను కూర్చోబెడితే చాలు, టింగుటింగుమని ఒకటే మోత. ఇంకెవరైనా అయితే సిగ్గుపడి ఊరుకునేవాళ్లు. పరశురాం మాత్రం ఇందులో ఏదో కిటుకు ఉందనుకున్నాడు. పేరు దాచుకుని మందు కొనేవాడు దొంగ కాక ఎవడు? దాచమని నేర్పేది దొంగలకు పెద్దక్క కాక ఎవరు?

అన్నిటికన్నా ఒక ఆర్డర్ ఆయన్ను ముల్లులా గుచ్చింది. మంచం పట్టిన ముసలివాళ్లకు వాడతారే, మూత్రం ఆగనివాళ్లకు వేసే పెద్ద ప్యాడ్లు, అవి. కొన్నాళ్లకొకసారి అదే ఆర్డర్ వస్తుంది, ఎప్పుడూ మధ్యాహ్నమే. పరశురాం ఎరిగినంతలో అలా మంచం పట్టిన మనిషి ఈ చుట్టుపక్కల లేరు.

"ఎవరు తీస్కపోతుండ్రే ఇవి?"

"ముఖం జూడలే" అంది రేణుకమ్మ.

రోడ్డు మీద పోయే ప్రతి చీర అంచూ చెప్పగల మనిషి, కౌంటర్ ముందు నిలబడ్డవాళ్ల ముఖం చూడలేదట. పరశురాంకు అప్పటికి సంగతంతా తేటతెల్లమైనట్టు తోచింది. ఈ ఆర్డర్లన్నీ ఉత్తుత్తివే. యాప్ నడుస్తోందని చూపించడానికి ఆ పిల్ల సొంత మనుషులతో పెట్టిస్తోంది. ఇదంతా నిజమనుకుని నలుగురు దుకాణదారులు చేరగానే అందరి గిరాకీని గంపగుత్తగా అద్దాల దుకాణానికి అప్పజెబుతుంది. ఈ రేణుక కూడా దాని మాయలో పడింది. పట్టుకోవాలి, సాక్ష్యంతో పట్టుకోవాలి. పట్టుకున్న రోజే యాప్ తీసేసి అన్ని దుకాణాలవాళ్లకూ చెప్పాలి.

మళ్లీ ఆ ఆర్డర్ వచ్చిన రోజు, హయత్‌నగర్ పోయి సరుకు తెస్తానని చెప్పి స్కూటర్ ఎక్కాడు. బస్టాండు చుట్టూ ఒక చుట్టు తిరిగి, సందులోంచి దుకాణం వెనక తలుపు గుండా లోపలికి వచ్చాడు. మందుల అర వెనక అట్టపెట్టెలు పేర్చిన ఇరుకు జాగాలో నక్కాడు. చప్పుడుకు రేణుకమ్మ వెనక్కి తిరిగింది. ఆయన పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"సిగ్గుండాలె. బయటికి పో" అంది ఆమె మెల్లగా.

"నీ బాగోతం గూడ ఇయ్యాల తేలుతది" అన్నాడు ఆయన అంతకన్నా మెల్లగా.

ఆమె ఇంకేదో అనబోయింది, ఇంతలో కౌంటర్ ముందు గాజుల చప్పుడైంది.

"వదినా" అన్న ఆ గొంతు పరశురాం చిన్నప్పటి నుంచి ఎరిగినదే. అది ఆయన చెల్లెలు యాదలక్ష్మి.

ఆమెను అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు ఇచ్చారు. గర్భసంచి ఆపరేషన్ అయినప్పటి నుంచి అన్న ఇంటికి రాకపోకలు తగ్గించింది. వచ్చినా నిలబడే మాట్లాడి పోతుంది, చాయ్ తాగమన్నా తాగదు. పరశురాం కూతురి నిశ్చితార్థంలో భోజనాల ముందే వెళ్లిపోయింది. పెట్టిన చీర నచ్చక అలిగిందని పరశురాం తేల్చేశాడు. తేల్చడమే కాదు, చుట్టాలందరికీ చెప్పాడు. ఆడబిడ్డకు ఎంత పెట్టినా కండ్లకు ఆనదని మొన్నమొన్నటి దాకా అంటూనే ఉన్నాడు.

ఇక్కడికెందుకు వచ్చింది ఇది? ఒక్క క్షణం పాటు పరశురాం పాత బుద్ధి పరశురాంను వదల్లేదు. ఆ పిల్ల నా చెల్లెలిని కూడా కలుపుకుందా అనుకున్నాడు. అడుగు ముందుకు వేయబోయాడు.

"అన్న లేడు గద వదినా?"

అర సందులోంచి పరశురాంకు రేణుకమ్మ వీపు ఒక్కటే కనబడుతోంది.

"లేడు" అంది.

యాదలక్ష్మి నిట్టూర్చింది. "ఫోన్ల చీరె బొమ్మనే ఉన్నది. అయినా నాకు బుగులే. నంబర్ జూడు."

కవర్ చేతులు మారిన చప్పుడు వినబడింది. తర్వాత కుర్చీ జరిగింది. యాదలక్ష్మి కూర్చుంది.

"చాయ్ దాగుతవా యాదమ్మా?"

"తాగుత. ఇయ్యి వచ్చినంక భయం లేదు. ఇంతకుముందు దగ్గితే గూడ ఆగకపోతుండె వదినా. బస్సు ఎక్కాల్నంటే వణుకు. ఎవలింట్ల కూసుంటే ఏమయితదో అని కూసోకుంట తిరిగిన. పిల్ల నిశ్చితార్థంల గట్లనే అయింది. చీరె తడిసింది, ఎవలన్న జూస్తరని ఉరికిన. అన్న నేను అలిగిన్నని అందరికి చెప్పిండంట గద."

"నేను చెప్పనా ఆయనకు?"

"వద్దు."

"ఎన్ని దినాలు దాస్తవ్?"

"అన్న మంచోడే వదినా. నాకేమన్న అయితే పానం ఇస్తడు. కని అడుగుతడు గద. ఇయ్యే కావాల్నని ఒకపారి వచ్చిన. బస్సోళ్లందరు నిలవడ్డరు. ఎవరికే అని అడిగిండు. నాకే అని ఎట్ల చెప్పాలె? ఏదో కొనుక్కొని పోయిన."

పరశురాంకు ఆ రోజు గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. అదే ఆయన్ను ఎక్కువ కాల్చింది. రోజూ అందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగి ఉంటాడు, తోడబుట్టినదాన్ని. ముందుకు పోయి చెల్లె చెయ్యి పట్టుకుందామనిపించింది. పోతే ఆమె ఈ కుర్చీలోంచి కూడా లేచిపోతుంది. ఇక ఎప్పటికీ రాదు. తేలు కుట్టిన దొంగలా నోరు నొక్కుకున్నాడు. జేబులో ఫోన్ మోగుతుందేమోనని దాన్ని ఆపేశాడు.

అవతల యాదలక్ష్మి చాయ్ తాగుతూ తన ఇంటి కోడలి ముచ్చట చెబుతోంది. కాలు చాపుకుని, నవ్వుతూ, ఎప్పుడో పెళ్లికి ముందు నవ్వినట్టు నవ్వుతూ చెబుతోంది. రేణుకమ్మ ఇంకో కప్పు పోసింది. ఒక బస్సు వచ్చి పోయింది. తర్వాతి బస్సుకు పోతానంది యాదలక్ష్మి.

ఆమె లేచి పోయేదాకా పరశురాం, రేణుకమ్మ చెప్పినట్టే, ఆ అట్టపెట్టెల వెనక లేకుండానే ఉన్నాడు.