ఎర్రదీపం వెలిగినంతసేపు

లువా సీసాను ఏటవాలుగా పట్టుకుని, పాత ద్రవాన్ని గొట్టంతో పీల్చేసి, కొత్తది అంచు వెంబడి జారవిడిచింది. అడుగున అతుక్కున్న కణాల మీద నేరుగా పోస్తే అవి ఊడొస్తాయి. గదిలో ఎర్రబల్బు ఒక్కటే వెలుగుతోంది. ఇరవై రెండేళ్ళు ఆ వెలుగులో పనిచేసి ఆమె కళ్ళు ఎండని తట్టుకోలేవు. పిపెట్ గొట్టాన్ని నొక్కీ నొక్కీ కుడి బొటనవేలు పక్కకి తిరిగిపోయింది. సైగాన్‌లోని ఆ ప్రయోగశాలకి ఆమె తర్వాత వచ్చినవాళ్ళు డాక్టర్లయి వెళ్ళిపోయారు. ఆమె గానుగెద్దులా అక్కడే ఉండిపోయింది.

ఆమె సీసాల్లో పెంచేది పసిపిల్లలకి నోట్లో, అరచేతుల్లో, అరికాళ్ళలో పొక్కులు తెచ్చే వైరస్‌ని. వానలు ముదిరాయంటే ఊళ్ళో ఏ శిశువిహారాన్నీ వదలదు. చాలామందికి వారంలో తగ్గిపోతుంది, ఏ కొందరికో మెదడుకెక్కుతుంది. కణాలు లేని సీసాలో ఎన్నాళ్ళున్నా అది తన పైగుల్ల విప్పదు. కణం పైపొర దాన్ని పట్టుకుని లోపలికి లాక్కుంటేనే వదులై విచ్చుకుంటుంది. దొంగ బయటివాడే గానీ గొళ్ళెం తీసేది ఇంటివాళ్ళు.

లువా ఆ వైరస్‌కి చీకట్లో రంగు పట్టిస్తుంది. రంగు పట్టిన వైరస్ గుల్ల మూసి ఉన్నంతసేపే తెల్లవెలుగుకి చస్తుంది. విచ్చుకుందా, రంగు జారిపోతుంది. ఆపైన ఎంత వెలుగు పోసినా దండగే. కణం పైపొరలో కొవ్వు తగ్గిస్తే అది ఎంత ఆలస్యంగా విచ్చుకుంటుందో చూడటం ఈ నెల పని.

పొద్దున ఆ ప్రయోగశాల చూసే డాక్టర్ ఖాయ్ ఆమెని లోపలికి వెళ్ళకుండా ఆపబోయాడు.

"అక్కా, ఆస్పత్రికెళ్ళు. సీసాలు ఎక్కడికీ పోవు."

"వెళ్ళి ఏం చెయ్యను తమ్ముడూ? లోపలికి ఒక్కరినే రానిస్తారు, థామ్ ఉంది. మెట్ల మీద కూర్చుంటే రొట్టెలమ్మేవాడు కూడా జాలిపడుతున్నాడు నన్ను చూసి."

"మరి ఫోన్?"

"నీ దగ్గరే ఉంచు. దాని వెలుగు పడిందంటే ఇన్నాళ్ళ పనీ మట్టికొట్టుకుపోతుంది."

థామ్ ఆమె అక్క కూతురు. అక్క పోయాక పెళ్ళి ఊసెత్తకుండా లువాయే పెంచింది. ఇప్పుడు థామ్ రెండేళ్ళ పాప కూడా ఆ ఒంటిగది వాటాలోనే ఉంటోంది. పాపని కూన్ అంటారు, కుక్కపిల్ల అని. దయ్యాల కన్ను పడకుండా ఇళ్ళల్లో అందరూ పెట్టుకునే చవకబారు పేరే. లువా బండి చప్పుడు వినగానే కూన్ ఒంటిచెప్పుతో గుమ్మంలోకి ఉరికేది.

మూడు రాత్రుల కిందట, పొక్కులతో జ్వరంతో పడుకున్న కూన్ నిద్రలో ఉలిక్కిపడింది. చేతులు రెండూ గాల్లోకి విసిరింది. కాసేపటికి మళ్ళీ.

"పిన్నీ, ఏంటిది?"

"ఏ గాలో దాంతో ఆడుకుంటోందిలే. మా అమ్మ చేసినట్టు చేద్దాం ఉండు," అని లువా పండ్లు కోసే చిన్నకత్తి తెచ్చి దిండు కింద పెట్టింది. ఆ వీధిలో ఎవరైనా చేసే పనే. తెల్లవారేసరికి ఉలికిపాట్లు తగ్గినట్టే అనిపించాయి. రెండో రాత్రి మళ్ళీ వచ్చాయి. ఆ రాత్రీ కత్తినే నమ్ముకుంది. సీసాలో కణాలు ఉలిక్కిపడవు. ఆమెకి తెలిసిన రోగం సీసాల్లోదే.

నిన్న పొద్దున పిల్ల కాళ్ళు తూలుతుంటే ఆస్పత్రికి పరుగెత్తారు. అక్కడ గోడ మీద బొమ్మల కాగితం అంటించి ఉంది: పొక్కులున్న బిడ్డ నిద్రలో ఉలిక్కిపడితే మెదడుకెక్కుతున్నట్టు, వెంటనే తీసుకురండి. దాని కిందే నిలబడి డాక్టరమ్మ అడిగింది.

"ఉలికిపాటు ఎన్ని రాత్రుల్నించి?"

"నిన్న రాత్రే," అంది లువా.

థామ్ ఆమె ముఖంలోకి చూసింది.

ఇప్పుడు ఎర్రబల్బు కింద పనిచేస్తున్నా ఆ అబద్ధమే ఆమె తలలో తిరుగుతోంది. నిజం చెబితే ఏం మారేది? ఈ వైరస్‌ని చంపే మందు లేదని ఆమెకన్నా బాగా తెలిసిందెవరికి? కానీ ఒక రాత్రి ముందు తీసుకెళ్ళి ఉంటే? అక్కడికి రాగానే ఆమె ఆలోచన ఆగిపోయేది.

తలుపు తట్టిన చప్పుడు.

"అక్కా." ఖాయ్ గొంతు.

"తీయకు! ఇంకా ఎనిమిది నిమిషాలు."

"సరే అక్కా. కానియ్యి."

ప్రతిదానికీ తొందరపెట్టే మనిషి సరే అన్నాడు. కూన్ ఇక లేదని లువాకి అర్థమైపోయింది. చేతులు మాత్రం ఆగలేదు, వాటికి వేరే పని తెలియదు. గంట మోగాక వైరస్ పట్టిన కణాల పళ్ళేలన్నీ తెల్లదీపం కింద సర్ది వెలిగించింది. ఇంకా మూసి ఉన్నవి చస్తాయి. విచ్చుకున్నవాటిని ఎవరూ ఏమీ చేయలేరు. లువా స్టూలు మీద కూర్చుని, మాస్కు తడిసిపోయేలా ఏడ్చింది.

తలుపు తీస్తే ఖాయ్ ఆమె ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"థామ్ ఫోన్ చేసి పావుగంట అయింది అక్కా," అన్నాడు.

ఫోన్లో థామ్ ఒకే మాట అంది: "పిన్నీ, దాని పసుపు గౌను తీసుకురా." కత్తి సంగతి ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండునని లువా అనుకుంది.

మిట్టమధ్యాహ్నం ఎండకి కళ్ళు చికిలించుకుంటూ ఇంటికి వెళ్ళింది. గౌను మంచం మీదే దొరికింది. దిండు ఎత్తి చూసింది. కత్తి పెట్టినచోటే ఉంది. దాని అంచున, ఉలికిపాట్లు మొదలైన నాటి సాయంత్రం కూన్‌కి కోసి పెట్టిన డ్రాగన్ పండు గింజ ఒకటి నల్లగా ఎండి అంటుకుని ఉంది.