మేకు లేని చెప్పులు

విక్టోరియా చెప్పులోకి ఎడమచెయ్యి దూర్చి, వేళ్ల దగ్గర నుంచి మడమ దాకా మెల్లగా రుద్దింది. కుట్టు ముడి ఒకటి తగిలింది. దాన్ని కోసి మళ్లీ కుట్టింది. కుష్ఠు నయమైనా స్పర్శ తిరిగిరాని పాదాలకు, ముందువైపు మూసి ఉండే మెత్తటి రబ్బరు చెప్పులు చేయడం ఆమె పని. వాటికి ఒక్క మేకు కూడా కొట్టకూడదు. పుంగనూరు నుంచి రోజూ బస్సులో మదనపల్లె వచ్చి, మిషన్ ఆసుపత్రి వెనక గదిలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె చేస్తున్నది ఇదే.

బయట బెంచీ మీద కుప్పం నుంచి వచ్చిన మునిరత్నమ్మ, కాళ్లకు గోనెగుడ్డ చుట్టుకుని కూర్చుంది.

"అయినాయా విక్టోరమ్మా?"

"ఒక గంట ఉండక్కా. అసెంబ్లీవాళ్లు పిలిచినారు. ఇవి సూపించుకోని వస్తా."

"నా చెప్పులతో నీకేం పెద్దరికమే!"

వృత్తి లైసెన్సుల మీద శాసనసభ అధ్యయన సంఘం ఆ రోజు ఊళ్లో విచారణ జరుపుతోంది. రోగులు మోసపోకుండా, డిప్లొమా ఉన్నవాళ్లే ఇలాంటి చెప్పులు చేయాలని ఒక ప్రతిపాదన. మిగిలినవాళ్లు సహాయకులుగా ఉండొచ్చు.

"ఏం చదివారమ్మా?" అన్నాడు విచారణ గదిలో సంఘం అధ్యక్షుడు.

"ఎనిమిది సార్."

"మరి రోగికి హాని జరిగితే?"

"శిక్ష వెయ్యండి. పరీక్ష కూడా పెట్టండి, వద్దనలేదు. ముందు మీరే ఈ చెప్పును పరీక్ష చేసి సూడండి."

ఆయన తిప్పి చూశాడు. పట్టీ లాగాడు. అడుగు వంచాడు. "బాగుందే!"

"మీరు ఫెయిలు సార్. లోపల చెయ్యి పెట్టనే లేదు."

గదంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. లోపలికి వేళ్లు పోనిచ్చి, చురుక్కుమనడంతో వెనక్కి తీశాడు. లోపలికి వచ్చేముందు గుమ్మం దగ్గరే ఆమె బంకతో అంటించిన కంకర పలుకు అది.

"మీకు గుచ్చుకునింది, తీసేస్తిరి. వాళ్లు దాని మీదే ఊరంతా నడస్తారు. వాళ్లకు తెలీని నొప్పి నా చేతికి తెలియాల. దానికి డిప్లొమా యాడ ఇస్తారో సెప్పండి, పోయి రాస్తా."

కార్యదర్శి ఒక ఫారం ముందుకు జరిపాడు. "మీ మాట రాసుకున్నాం. రేపు ఇబ్బంది పడకుండా, సహాయకురాలినని సంతకం పెట్టేయండి. లేకుంటే చట్టం వచ్చాక పనే పోవచ్చు."

ఆమె కాగితం దగ్గరికి లాక్కుని చివరి దాకా చదివింది.

"నేను ఎవరికి సాయం చేసినాను సార్? చేసింది నేను. తప్పుంటే నా పేరే రాసుకోండి."

"ఆలోచించుకోండమ్మా, కూర్చోండి."

"యాల కూర్చునేది? చట్టం వచ్చే రోజుకు వస్తుంది. ఆడ ఆయమ్మ చెప్పుల్లేకుండా కాసుకోనుండాది."

కంకర పలుకును గోటితో పెకలించి, ఆ చోటును మళ్లీ ఒకసారి తడిమి, చెప్పులు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

బల్ల మీద ఫారం మిగిలింది. సంతకం గీత ఖాళీగా ఉంది. ఆమె పట్టుకున్న అంచున మాత్రం ఇంకా ఆరని బంక వేలిముద్ర.